పూర్తి కాకూడని పడవ

మా పడవ కట్టడానికి ఏడు నెలలు పట్టింది. అది పూర్తి కాకుండా చూడడానికి ఒక ప్రభుత్వ సంస్థ రెండేళ్లు కష్టపడింది. ఆ కష్టం ఎలాంటిదో బయటివాళ్లకు తెలియదు. రెండేళ్లూ దగ్గరుండి చూసినదాన్ని కనుక నేనే చెప్పాలి.

నా పేరు రత్నమాల. గోదావరి పాయ ఒకటి సముద్రంలో కలవబోయే చోట మడలంక అని ఒక ఊరుంది. అక్కడి హైస్కూల్లో ఇరవై ఎనిమిదేళ్లు ఫిజిక్సు చెప్పి రిటైరయ్యాను. వస్తువులు నీటి మీద ఎందుకు తేలతాయో చెప్పే పాఠానికి ఏటా ఒక బకెట్టూ, ఒక స్టీలు గ్లాసూ క్లాసుకు మోసుకెళ్లేదాన్ని. ఊళ్లో సగం మందికి తేలడం గురించి నేర్పినది నేనే. నేను మాత్రం నీటి మీద ఒక్కసారైనా నా చేత్తో దేన్నీ నడపలేదు. మా ఇంటి నుంచి పాయ రెండు వందల గజాలు. రిటైరైన మర్నాడు కాఫీ తాగుతూ ఉంటే ఈ సంగతి తట్టి నాకు నిజంగా సిగ్గేసింది. ఒక చిన్న చెక్కపడవ కట్టించుకోవాలి, తెడ్లు వేసుకుంటూ వెళ్లాలి, గాలి అనుకూలిస్తే తెరచాప ఎత్తుకుని మొగ దాకా, అంటే సముద్రం కనబడే దాకా పోవాలి అని తీర్మానించుకున్నాను. మావారు పేపరు దించి, "స్కూటరెక్కడ పెట్టుకోవాలి?" అని అడిగారు. పడవకు స్కూటరుండే షెడ్డు తప్ప మరో చోటు లేదని ఆయన నాకంటే ముందే కనిపెట్టారు.

గంగాచలం మేస్త్రిని పిలిపించాను. ఆయనకప్పుడు డెబ్బై ఆరు. కుర్రతనంలో తండ్రితో కలిసి సరుకులు మోసే పెద్ద నావలు కట్టిన మనిషి. తర్వాత ఫైబరు పడవలొచ్చి చెక్కపడవను అడిగేవాడు లేకపోయాడు. ముప్ఫై నాలుగేళ్లుగా తలుపులూ, కిటికీలూ, దేవుడి మందిరాలూ చేసుకుంటూ కాలక్షేపం చేస్తున్నాడు. పడవ కావాలని నేనంటే ఆయన నమ్మలేదు. మళ్లీ చెప్పించుకున్నాడు.

"ఎంత పొడుగండి?" అన్నాడు చివరికి.

"మీ ఇష్టం. ఇద్దరెక్కితే చాలు."

"అయితే నా జానతో పదారు చాలండి. మరి బొమ్మ గట్రా గియ్యమని అడక్కండేం. మాకు బొమ్మల్లేవండి, చెయ్యే."

ఆ చెయ్యి కాగితం ముట్టలేదు. అడుగు దూలానికి టేకు, వంకర కర్రలకు తుమ్మ, పలకలకు మళ్లీ టేకు. ఆయన బాడిసతో చెక్కుతుంటే మావారు కూడా పేపరు మానేసి షెడ్డు గుమ్మంలో కుర్చీ వేసుకున్నారు. పలకల సందుల్లో నూలు కుక్కి గుగ్గిలం పూత వేశాక ఆ పడవ మీద ఎక్కడ చెయ్యి పెట్టినా తీయబుద్ధయ్యేది కాదు. షామియానాలు కుట్టే టైలరు తెరచాప కుట్టిచ్చాడు. బుధవారానికి పని అయింది. శుక్రవారం పొద్దున్న పోటు నీళ్లు బాగా వస్తాయని, అప్పుడు దింపుదామని అనుకున్నాం.

ఇక్కడ ఒక ఆచారం గురించి చెప్పాలి. గంగాచలం వాళ్ల ఇంట్లో తాతల నాటి నుంచీ పడవకు ఆఖరి కొయ్యమేకు షెడ్డులో కొట్టరు. ముక్కు దగ్గర పలకలో దాన్ని సగం దాకా దించి వదిలేస్తారు. నీటి అంచుకు తీసుకెళ్లి, గంగమ్మకు కొబ్బరికాయ కొట్టాక, అప్పుడు రెండు దెబ్బలతో లోపలికి దింపుతారు. అందాకా ఎవరడిగినా పడవ అయిందని అనరు. మేకు పైకి కనబడుతుండగా అయిందనడం తల్లికి అబద్ధం చెప్పడమేనని వాళ్ల నమ్మకం.

గురువారం మధ్యాహ్నం సజీవ హస్తకళల పరిరక్షణ సంస్థ నుంచి సర్వే చేసే అమ్మాయి ట్యాబు పట్టుకుని వచ్చింది. ఎండకు మొహం కందిపోయి ఉంది. మజ్జిగ ఇచ్చాను. తాగి, పడవ చుట్టూ ఓసారి తిరిగి, గంగాచలం వైపు చూసింది.

"పడవ పూర్తయిందా తాతగారూ?"

"ఎలా అవుద్దమ్మా, మేకుందిగా."

"అంటే ఇంకా కడుతున్నారా?"

"మేకు దించేదాకా కడతన్నట్టేనమ్మా."

ట్యాబులో మూడు గడులున్నాయి. పూర్తయినది, నిర్మాణంలో ఉన్నది, శిథిలమైనది. ఆ అమ్మాయి మధ్యగడి మీద వేలు పెట్టింది. నేను పక్కనే నిలబడి ఉన్నాను, అందులో నాకు తప్పేమీ కనబడలేదు. వెళ్లేటప్పుడు ఇంకో గ్లాసు మజ్జిగ కూడా ఇచ్చాను.

శుక్రవారం తెల్లవారింది. కొబ్బరికాయ, పసుపు, పడవను మోయడానికి నలుగురు మనుషులు, అంతా సిద్ధం. గేటు తీసేసరికి గేటుకు అడ్డంగా జీపు ఆగి ఉంది. అందులోంచి సంస్థ ఉప సంచాలకులు విద్యాధర్ గారు దిగారు. చల్లని మనిషి. మా రెండేళ్ల పరిచయంలో ఆయన ఒక్కసారి కూడా గొంతు పెంచలేదు.

"అభినందనలు మేడం," అన్నారు. "ఏడు జిల్లాల క్షేత్రస్థాయి సర్వే నిన్న సాయంత్రంతో ముగిసింది. సంప్రదాయ పద్ధతిలో నిర్మాణంలో ఉన్న చెక్క తెరచాప పడవ మీ గృహంలో ఉన్నది ఒక్కటేనని తేలింది. దీనిని సజీవ వారసత్వంగా గుర్తిస్తూ ఉత్తర్వులు వెలువడ్డాయి."

"చాలా సంతోషమండి. నీళ్లలోకి దింపి వచ్చాక కూర్చుని మాట్లాడుకుందాం. పోటు తీసేస్తుంది మళ్లీ."

"దింపడం సాధ్యపడదు మేడం. దింపితే పూర్తవుతుంది కదా."

"పూర్తవడానికే కదండీ కట్టాం."

ఆయన నన్ను జాలిగా చూశారు. "పూర్తయిన పడవలు మ్యూజియంలలో ఎన్నైనా ఉన్నాయి. సంస్థ పరిరక్షించేది వస్తువును కాదు, ప్రక్రియను. ఈ ప్రక్రియ ఇప్పుడు భూమ్మీద ఈ షెడ్డులో మాత్రమే జరుగుతోంది. పూర్తయిన మరుక్షణం ప్రక్రియ అంతరించిపోతుంది. కనుక పదకొండో నిబంధన ప్రకారం పూర్తి చేయడం అనేది విధ్వంసం కిందికి వస్తుంది. అది శిక్షార్హం."

"అయితే మొదలుపెట్టడం?"

"మొదలుపెట్టడాన్ని సంస్థ అన్ని విధాలా ప్రోత్సహిస్తుంది."

గంగాచలం సుత్తి చేత్తో పట్టుకుని ఇదంతా విన్నాడు. ఆయనకు అర్థమైంది ఒక్కటే, ఇవాళ దింపడం లేదని. సుత్తి సంచిలో పెట్టేసి, "రేపు పోటు కూడా బానే ఉంటదండి," అన్నాడు నాతో. ఆ మాట ఆయన తర్వాత చాలాసార్లు అన్నాడు.

వారం తిరక్కుండా మా షెడ్డు ముందు నీలం బోర్డు వెలిసింది. సజీవ నిర్మాణ కేంద్రం, ప్రవేశ వేళలు పది నుంచి ఐదు, పరిరక్షిత వస్తువును పూర్తి చేయుట నేరము. గంగాచలానికి సజీవ కళానిధి అని హోదా ఇచ్చి, శాలువా కప్పి, మొహం చూపించి హాజరు వేసుకునే మిషను ఒకటి గోడకు బిగించారు. పదింటికి వచ్చి మొహం చూపించాలి, ఐదింటికి మళ్లీ చూపించాలి. మధ్యలో పని చేయాలి. చేయకపోతే ప్రక్రియ ఆగిపోయినట్టు లెక్క. చేస్తే ప్రక్రియ ముందుకు పోయినట్టు లెక్క. రెండూ నేరమే. అందుకని పొద్దున ఒక పలక ఊడదీసి సాయంత్రం అదే పలక బిగించాలని ఒక కార్యాచరణ ప్రణాళిక పంపారు. రోజుకొక్కసారి, సందర్శకులు ఎక్కువగా ఉన్న వేళ చూసి, కళానిధి గారు సుత్తి ఎత్తి ఆఖరి మేకు దాకా తెచ్చి ఆపాలి. ఫొటోలకు అది బాగా వచ్చేది.

ప్రతి నెలా మొదటి తారీఖున ప్రగతి నివేదిక పంపాల్సిన బాధ్యత స్థల యజమానిగా నా మీద పడింది. ప్రగతి శూన్యం అని రాసి, లక్ష్యం నెరవేరింది అని సంతకం పెట్టేదాన్ని. నాలుగో నెలలో ఒక పొరపాటు జరిగింది. అంచు మీద చెయ్యి వేస్తే గరుగ్గా తగిలిందని గంగాచలం అలవాటు కొద్దీ ఒక చోట చిత్రిక పట్టేశాడు. తనిఖీకి వచ్చిన బృందం టేపులు పెట్టి కొలిచి, నిర్మాణం సున్నా పాయింటు రెండు శాతం ముందుకు పోయిందని తేల్చింది. మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలని మెమో వచ్చింది.

"ఏం రాయమంటారండి?" అని అడిగాను ఆయన్ని.

"గరుగ్గా ఉందని రాయండి. ఇంకేం ఉంటదండి రాయడానికి."

అలాగే రాశాను. గరుకుదనం కూడా పరిరక్షిత లక్షణమేనని, దానిని యథాతథ స్థితికి తేవాలని జవాబొచ్చింది. ఆయన గరుకు కాగితం తెచ్చి, తను నున్నగా చేసిన చోటే కూర్చుని, ఒక పూటంతా గరుగ్గా చేశాడు. సాయంత్రం హాజరు మిషను ఆయన మొహాన్ని గుర్తుపట్టలేదు. మూడుసార్లు నిలబెట్టాల్సి వచ్చింది.

రెండో ఏడు శిక్షణ తరగతులు మొదలయ్యాయి. పన్నెండు మంది అభ్యర్థులు, నోటు పుస్తకాలు, మధ్యాహ్నం భోజనం. విద్యాధర్ గారు స్వయంగా వచ్చి ప్రారంభోపన్యాసం చేశారు. కళ రెండు భాగాలనీ, చేయడం మొదటిదనీ, ముగించకుండా నిగ్రహించుకోవడం రెండోదనీ, మన పూర్వీకులు ఈ రెండో భాగాన్ని పూర్తిగా నిర్లక్ష్యం చేశారనీ చెప్పారు. అభ్యర్థులు రాసుకున్నారు. అందులో ఒకడు చెయ్యెత్తి, "మేకు ఎప్పుడు కొడతాం సార్?" అని అడిగాడు. అతడికి ఈ రంగానికి కావలసిన దృక్పథం లేదని ఆ సాయంత్రమే పంపించేశారు. మిగతా పదకొండు మందికీ ధ్రువపత్రాలిచ్చారు. వాళ్లలో ఒకడు మా వీధి చివర ఇళ్లు కట్టే మేస్త్రి అని, అతడు కడుతున్న ఇల్లు ఇంకా అలాగే ఉందని తర్వాత తెలిసింది.

మా కేంద్రం విజయవంతం కావడంతో సంస్థకు ఊపొచ్చింది. పక్క మండలంలో ఒక నేతగాడి చీరను మగ్గం మీద కొంగు దగ్గర ఆపించారు. ఇంకో ఊళ్లో ఒకావిడ ఒక పెళ్లికని పూతరేకు చుడుతుంటే సగం మడతలో సర్వే జరిగిందట. ఆ రేకును గాజు పెట్టెలో పెట్టి, చీమలు రాకుండా ఒక కాపలా మనిషిని వేశారు. ఆ పెళ్లివాళ్లు పూతరేకుల్లేకుండానే భోజనాలు కానిచ్చారు.

నేను ఊరుకోలేదు. విన్నపాలు రాశాను, ఒకటి కాదు, పద్నాలుగు. పడవ ఎప్పుడో పూర్తయిందని, మేకు ఆచారం మాత్రమేనని రాశాను. ఆచారం ఉందని మీరే ఒప్పుకున్నందున వారసత్వ విలువ మరింత పెరిగిందని జవాబు. స్థలం నాదని, చెక్క నాదని రాశాను. హక్కులకు భంగం లేదని, పడవ మీదేనని, పూర్తి చేయడం మాత్రమే మీది కాదని జవాబు. చివరికి నా ఫైలు ఏ దశలో ఉందో తెలపమని సమాచార హక్కు కింద అడిగాను. ఫైలు నిర్మాణంలో ఉన్నదని తెలిపారు.

ఈ రెండేళ్లలో నేను బాగుపడ్డదేమైనా ఉంటే తెడ్డు వేయడం నేర్చుకోవడమే. షెడ్డులో, పడవలో కూర్చుని, గాలిలో తెడ్లు ఆడించేదాన్ని. గంగాచలం ఎదురుగా కూర్చుని, "ఎడం చెయ్యి బరువైపోతందండి, పడవ గుండ్రంగా తిరిగిపోద్దండి," అని దిద్దేవాడు. సందర్శకులు నన్ను కూడా ఫొటో తీసుకునేవాళ్లు. ఒకసారి ఒక గైడు నన్ను చూపించి, ఈమె ప్రదర్శనలో భాగం అని చెప్పాడు.

నవ్వుకుంటూనే రోజులు గడిపాను గాని, ఒక మధ్యాహ్నం నవ్వు రాలేదు. గంగాచలం పలక బిగిస్తున్నాడు. ఉలి ఆయన చేతిలో సన్నగా వణుకుతోంది. అప్పటికి కొన్నాళ్లుగా వణుకుతోందట, నేనే గమనించలేదు. నేను చూశానని ఆయన చూశాడు.

"డెబ్బై ఎనిమిదండి నాకు," అన్నాడు. "పనికి భయపడ్డం లేదండి. నా చేత్తో చేసిందాన్ని నీళ్ల మీద చూసి ముప్పయ్యారేళ్లయిందండి. ఇదొక్కటి చూసి పోదారనుకున్నాను. చూడకుండా పోతానేమోనని బెంగండి, అంతే."

నాకు ఏడుపొచ్చింది. కోపం కూడా వచ్చింది. కోపం ఎవరి మీద చూపించాలో తెలియక ఆ రోజు హాజరు మిషనుకు పక్కబట్ట కప్పాను. దానికీ మెమో వచ్చింది.

దారి మాత్రం మేం వెతికితే దొరకలేదు. సంస్థే తెచ్చి ఇచ్చింది. ఆ చలికాలం మా పాయలో నదీ వారసత్వ ఉత్సవం జరపాలని పైనుంచి నిర్ణయమైంది. ఉత్సవమంటే నీటి మీద సంప్రదాయ పడవ తిరగాలి. ఏడు జిల్లాల్లో ఉన్న ఒక్క సంప్రదాయ పడవా నీటిని తాకడానికి వీల్లేదు. విద్యాధర్ గారు రెండు రోజులు ఆలోచించి పరిష్కారం కనిపెట్టారు. పడవకు అచ్చుగుద్దినట్టు ఫైబరుతో ఒక నకలు చేయించి, దాన్ని తిప్పాలి.

ఆ పని చిట్టిరాజు గారికి అప్పగించారు. పార్కుల్లో నోరు తెరుచుకుని చెత్త మింగే కుందేళ్లూ, పెంగ్విన్లూ ఉంటాయి చూశారా, అవన్నీ ఆయన చేసినవే. మా షెడ్డుకు వచ్చి పడవకు అచ్చు తీసుకున్నాడు, అంగుళం అంగుళం ఫొటోలు తీశాడు. పనితనం ఎరిగిన మనిషి. పడవ పక్కన గొంతుక్కూర్చుని బాడిస దెబ్బల మీద వేలు పెట్టి చూస్తూ, "అన్ని సంప్రదాయ లక్షణాలతో ఉండాలని కాయితంలో రాశారండి, ఎలా వస్తాయండి ఇయ్యి," అని తనలో తనే అనుకున్నాడు.

వచ్చాయి. ఉత్సవం ముందు రోజు వ్యానులో నకలు దిగింది. రెండు పడవలనూ షెడ్డులో పక్కపక్కన పెట్టారు. చెక్క గీతలు, ముళ్లు, గుగ్గిలం మరకలు, గంగాచలం గరుగ్గా చేసిన చోటు, అన్నీ ఉన్నాయి. సగం దిగిన మేకు కూడా ఉంది. చిట్టిరాజు దాన్ని పడవతో కలిపే పోతపోశాడు. ఏ సుత్తితో కొట్టినా అది దిగదు. నిబంధనల ప్రకారం చూస్తే ఇంతకంటే పరిపూర్ణమైన పడవ ఉండదని నాకా క్షణంలోనే అనిపించింది. దీన్ని పూర్తి చేయడం ఎవరి తరమూ కాదు.

విద్యాధర్ గారు రెండింటి చుట్టూ తిరిగారు. ఏది ఏదో పోల్చుకోలేక, చిట్టిరాజును అడిగి తెలుసుకుని, సిబ్బందిని పిలిచి రెండు అట్ట బోర్డులు రాయించి తగిలించారు. ఒకదాని మీద అసలు, ఒకదాని మీద నకలు. ఉదయం లారీవాళ్లు వచ్చి నకలు అని ఉన్నదాన్ని తీసుకెళ్లాలని రాతపూర్వకంగా ఆదేశించి వెళ్లిపోయారు.

మేం ముగ్గురం మిగిలాం. గంగాచలం వేలి కణుపుతో ఒక పడవ మీద తట్టాడు, తర్వాత రెండో దాని మీద. ఒకటి పలికింది, ఒకటి డొల్లగా మోగింది. ఆయన నావైపు చూశాడు. నేను మావారి వైపు చూశాను. మావారు రెండేళ్లుగా స్కూటరును వరండాలో పెట్టుకున్న మనిషి.

"లారీవాళ్లకి రేపు నేను టీ ఇస్తాలే," అన్నారు.

పొద్దున లారీ వచ్చింది. మావారు ఆ నలుగురినీ వరండాలో కూర్చోబెట్టి, టీ ఇచ్చి, స్కూటరు ఏ సంవత్సరంలో కొన్నారో అక్కడినుంచి మొదలుపెట్టారు. నేను షెడ్డులోకి వెళ్లి రెండు అట్టముక్కలు అటుదిటూ ఇటుదటూ మార్చాను. ఇరవై ఎనిమిదేళ్ల ఉద్యోగంలో ఒక్క మార్కు కూడా అటూ ఇటూ చేయని చేతులివి. పడవలను మాత్రం నేను ముట్టుకోలేదు. లారీవాళ్లు బోర్డు చదివి, కాగితం చదివి, సరిపోయిందని మా పడవను ఎత్తుకెళ్లారు.

పాయ గట్టున వేదిక, మైకులు, కుర్చీలు, జనం. విద్యాధర్ గారు మైకు వదిలి దిగొచ్చి, నీటి అంచున ఉన్న పడవను పరిశీలనగా చూశారు.

"నకలు కదా, కొంత కృత్రిమత్వం కనబడుతోంది," అన్నారు చిట్టిరాజుతో. "చెక్క రంగు సహజంగా రాలేదు. అసలు చూసిన కళ్లకు తెలిసిపోతుంది."

చిట్టిరాజు మొహం మాడ్చుకున్నాడు. రాత్రింబగళ్లు చేసిన పని. రంగు సరిగ్గా కలిపానే అని గొణుక్కుంటూ దూరంగా వెళ్లి నిలబడ్డాడు.

కళానిధి గారు నకలులో కూర్చుంటే ఉత్సవానికి శోభగా ఉంటుందని, తెడ్లకు ప్రదర్శనలో అలవాటున్న మేడం సరిపోతారని ముందే నిర్ణయించారు. మా ఇద్దరికీ నారింజరంగు లైఫ్ జాకెట్లు తొడిగారు. గంగాచలం కొబ్బరికాయ కొట్టాడు. దానికి సాంస్కృతిక కార్యక్రమాల కింద అనుమతి ఉంది. తర్వాత సంచిలోంచి సుత్తి తీసి, మేకు మీద రెండు దెబ్బలు వేశాడు. అది లోపలికి దిగిపోయింది.

విద్యాధర్ గారు అదిరిపడ్డారు. "ఏం చేశారు?"

"నకలేగదండి," అన్నాడు గంగాచలం.

విద్యాధర్ గారు వంగి మేకును చూశారు. "నిజమే. నకలును పూర్తి చేయడంపై నిషేధమేమీ లేదు," అన్నారు.

నలుగురు తోశారు. పడవ ఇసుక మీద గీసుకుంటూ వెళ్లి, ఒక్కసారి ఒరిగి, తేలింది. నేను తెడ్లు పట్టుకుని కూర్చున్నాను. గంగాచలం రెండు చేతులూ అంచుల మీద వేసి, కదలకుండా, తల వంచుకుని ఉన్నాడు. పడవ కింద నీళ్ల చప్పుడు వింటున్నాడని నాకు కాసేపటికి అర్థమైంది.

అప్పుడు నీరొచ్చింది. రెండేళ్లు పొడిగా పడి ఉన్న చెక్క కదా, పలకలు ఎండి ముడుచుకున్నాయి. సందుల్లోంచి సన్నగా ఊరి, నా పాదాల దగ్గర చేరింది. చెక్కపడవ మొదటి రోజు నీళ్లు తాగుతుంది, తాగి ఉబ్బి తనే బిగుసుకుంటుంది. గంగాచలం తాపీగా ప్లాస్టిక్ మగ్గు తీసుకుని తోడడం మొదలుపెట్టాడు. ఇంకా ఒడ్డుకు నాలుగు గజాల దూరంలోనే ఉన్నాం, విద్యాధర్ గారు చూశారు.

"చిట్టిరాజు గారూ, ఫైబరులోకి నీరెలా వస్తోంది?"

చిట్టిరాజు మోకాళ్ల దాకా నీళ్లలోకి దిగి వచ్చాడు. వంగి, పడవ పక్కన అరచెయ్యి వేశాడు. చెయ్యి అలాగే ఉండిపోయింది. చెక్కకూ ఫైబరుకూ తేడా ఆ చేతికి తెలియకుండా ఉండదు. తల ఎత్తి గంగాచలాన్ని చూశాడు, తర్వాత నన్ను చూశాడు. మా రెండేళ్లూ ఇప్పుడు ఆయన నోట్లో ఉన్నాయి. ఇది తను చేసింది కాదని చెప్పడం ఆయన ధర్మం. అలా చెబితే తన పడవ ఎక్కడుందని అడుగుతారు, పొరపాటు ఎవరిదని విచారణ వేస్తారు, ఆ విచారణలో బ్లాక్‌లిస్టులోకి పోయేది ఆయన పేరే. ఇదంతా ఆయన లెక్క వేసుకున్నాడో, లేక ఆ పలక మీద చెయ్యి వేసినందుకే అలా అన్నాడో నేను చెప్పలేను.

"అన్ని సంప్రదాయ లక్షణాలతో అని కాయితంలో ఉందిగదండి," అన్నాడు ఒడ్డు వైపు తిరిగి. "చెక్కపడవలు మొదటి రోజు నీళ్లు తాగుతాయండి. ఆ లక్షణం కూడా పెట్టానండి. దానికే ఎక్కువ కష్టపడ్డానండి." అని, పడవను రెండు చేతులా ముందుకు నెట్టాడు.

విద్యాధర్ గారి కళ్లు మెరిశాయి. గబగబా వేదిక ఎక్కి మైకు అందుకున్నారు. మేం పాయ మధ్యకు చేరేసరికి ఆయన గొంతు నీటి మీదుగా స్పష్టంగా వినబడింది.

"నీరు కారడంలో సైతం ప్రామాణికతను సాధించిన నకలు దేశంలో మరొకటి లేదని గర్వంగా తెలియజేస్తున్నాను. కనుక ఈ నకలును కూడా ఈ క్షణం నుంచి పరిరక్షిత వస్తువుగా ప్రకటిస్తున్నాను. నీటి తాకిడికి ఇది దెబ్బతినే ప్రమాదం ఉన్నందున తక్షణమే ఒడ్డుకు చేర్చి, గాజు గదిలో భద్రపరచవలసిందిగా పడవలోని వారిని ఆదేశిస్తున్నాను."

జనం చప్పట్లు కొట్టారు. నేను తెడ్లు ఆపాను. పడవ నెమ్మదిగా దానంతట అది కదులుతోంది.

"పిలుస్తన్నారండి టీచరుగారు," అన్నాడు గంగాచలం.

"వినబడింది."

"ఎల్దారా మరి?"

బడి గంట కొట్టాక ఒక్క నిమిషం ఆలస్యంగా క్లాసుకెళ్లిన మనిషిని కాదు నేను. పిలిస్తే వెళ్లడం నాకు ఒంట్లోనే ఉంది. తెడ్డు ఒడ్డు వైపు తిప్పడానికి నా ఎడమ చెయ్యి లేచింది కూడా. అప్పుడు ఆయన మొహం చూశాను. ఆ ముసలాయన ఏమీ అడగడం లేదు. తోడిన మగ్గు ఒళ్లో పెట్టుకుని, నేను ఎటంటే అటు వెళ్లడానికి సిద్ధంగా కూర్చున్నాడు. రెండేళ్లూ ఆయన అలాగే కూర్చున్నాడు, నేను విన్నపాలు రాస్తూ ఉంటే.

"తెరచాప ఎత్తండి మేస్త్రిగారూ," అన్నాను.

ఆయన లేచాడు. తాడు లాగుతుంటే చేతులు వణకలేదు. షామియానా టైలరు కుట్టిన గుడ్డ రెండుసార్లు కొట్టుకుని, నిండి, పడవను ముందుకు లాగింది. మైకులో ఉత్తర్వు మళ్లీ మొదటి నుంచి చదువుతున్నారు, ఈసారి నంబరు, తేదీతో సహా. గంగాచలం కళ్లు తుడుచుకుని, చుక్కాని మొగ వైపు తిప్పాడు.